కొలిమిలో పూసే పువ్వు

ఈ నెల మన ముచ్చట ఇనుము గురించి. బంగారం తవ్విన ఊళ్ళో కూచొని ఇనుము మాటలేందప్పా అని నవ్వేవాళ్ళు నవ్వండి. కానీ కేజీఎఫ్‌లో గురిగింజ ఎత్తు బంగారం కూడా ఇనుము లేకుండా పైకి రాలేదు. రాతిని తొలిచిన కడ్డీ ఇనుము. రాతిని మోసిన ట్రాలీ ఇనుము. మనుషుల్ని కిందికి దించిన బోను, దాన్ని పట్టుకున్న తాడు ఇనుము. మిల్లులో రాతిని పిండి చేసింది కూడా ఇనుమే. ఆ ఇనుముకు పదును పెట్టింది మాత్రం కొలిమి. బంగారం పేరు మోగింది, గనుల పేరు మోగింది, కొలిమి పేరు ఎక్కడా వినపడలేదు. అందుకే ఈ పేజీ దానికి.

మన పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి మిల్లు అంటే బట్టల మిల్లు. షోలాపూరులోనో, బొంబాయిలోనో, బెంగుళూరులోనో మగ్గాల మోత మధ్య పెరిగినవాళ్ళు. ఇక్కడ మాకు మిల్లు అంటే రాతి మిల్లు. గనిలోంచి వచ్చిన తెల్ల రాయిని, అంటే బంగారం దాగిన క్వార్ట్జును, నలగ్గొట్టే చోటు. మా తాత కాలంలో స్టాంపులు ఉండేవి. రోకళ్ళ మాదిరి వరసగా నిలబెట్టిన బరువైన ఇనుప కడ్డీలు. అవి పైకి లేచి దబదబా రాతి మీద పడతా ఉంటే, నీళ్ళలో కలిసి రాయి బురదవుతుంది. ఆ బురదను పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారిస్తే బంగారం అక్కడ అంటుకుంటుంది. అంటుకోనిదాన్ని సైనైడుతో లాగేవాళ్ళు. ఆ సైనైడు మన్ను దిబ్బలే ఇప్పటికీ మా ఊరి కొండలు. గాలి వీస్తే ఆ మన్ను ఇంట్లోకి, అన్నంలోకి వచ్చేది మా అందరికీ తెలుసు.

గనికి ముందు కొలిమి

గని పని తెలిసినవాళ్ళు ఒక మాట చెప్తారు. రాయి ఒకరోజులో మనిషిని అలసగొడుతుంది, ఇనుమును మాత్రం ఒక గంటలో అలసగొడుతుంది. క్వార్ట్జు అంత గట్టిది. బొక్క వేసే కడ్డీ మొన చూస్తుండగానే మొద్దుబారిపోతుంది. మొద్దుబారిన కడ్డీలను కట్టలు కట్టి పైకి పంపాలి, పదును పెట్టినవి కిందికి దించాలి. కొలిమి ఒక పూట ఆగితే గని ఆ పూటే కుంటుతుంది.

పదును పెట్టడమంటే రాతి మీద అరగదీయడం కాదు. మొనను కొలిమిలో పెట్టి ఎర్రగా కాచాలి. దాగలి మీద పెట్టి సుత్తితో మళ్ళీ మొన తీర్చాలి. తర్వాత నీళ్ళలో ముంచాలి. ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ గాజు మాదిరి పెళుసవుతుంది. అట్లాగే రాతి మీద కొడితే పుటుక్కున విరుగుతుంది. అందుకే ముంచి తీసిన మొనను కాస్త రుద్ది తెల్లగా చేసి, వెనక మిగిలిన వేడి ముందుకు నడిచి రావడాన్ని చూస్తా ఉండాలి. మొదట ఎండుగడ్డి రంగు వస్తుంది. తర్వాత తేనె రంగు, వంకాయ రంగు, ఆఖరికి నీలం. ఏ పనిముట్టుకు ఏ రంగు కాడ ఆపి మళ్ళీ ముంచాలో కమ్మరికి తెలియాలి. గట్టిగా కోసేదానికి గడ్డి రంగు, దెబ్బ ఓర్చుకొని వంగి నిలవాల్సినదానికి నీలం. ఇది ఏ పుస్తకంలో చదివినా కంటికి అలవాటు కాకపోతే చేతికి రాదు. రెప్ప కొట్టేలోపల రంగు మారిపోతుంది.

మైకేల్ లావెల్ అనే ఐరిష్ సిపాయి 1871లో బంగారం వెతుక్కుంటా కోలారు సీమకు వచ్చినాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. ఇంగ్లాండులోని కార్న్‌వాల్ నుంచి తగరపు గనుల్లో ఆరితేరిన పనివాళ్ళు వచ్చినారు. తమిళ సీమ నుంచి, చిత్తూరు వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి మనవాళ్ళు వచ్చినారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఆ తర్వాత గని మూడు కిలోమీటర్ల లోతుకు పైగా దిగింది. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది ఏమంటే, పల్లెల్లో నాగలి కర్రు, కొడవలి, బండి పట్టా చేసుకుంటా ఉండిన ఆచారుల చేతులు కూడా గనికి అక్కరకొచ్చినాయి. యంత్రం డ్రిల్లులు వచ్చినాక కూడా వాటి కడ్డీలకు కొలిమి తప్పలేదు. మొనకు టంగ్‌స్టన్ కార్బైడు ముక్క అతికించిన కడ్డీలు వచ్చినాకనే ఆ పని సన్నగిల్లింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. కొలిమికి ఉన్న ఆ చివరి పెద్ద ఆసామీ కూడా పోయినాడు.

కర్రు చేసిన చెయ్యే పువ్వు చేస్తుంది

ఇంతకీ నేను చెప్పొచ్చేది పదును గురించి కాదు, పువ్వు గురించి. ఇనుప పువ్వు.

మా వైపు ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు రాయను, ఆయనకు ఇష్టం లేదు. అందరూ ఆచారి తాత అంటారు. ఆయన నాయన గని కొలిమిలో కడ్డీలకు పదును పెట్టినవాడు. ఈయన కొన్నాళ్ళు పల్లెలో బండి పట్టాలు ఎక్కించినాడు. ఆ పని చూడని పిల్లల కోసం చెప్తాను. కట్టె చక్రం కంటే ఇనుప పట్టా కొలత ఒక పిసరు చిన్నగా ఉంటుంది. చుట్టూ పిడకలు పేర్చి మంట పెడితే పట్టా వేడికి సాగుతుంది. ముగ్గురు నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోస్తారు. పట్టా కుంచించుకొని, చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది. ఒక్క మేకు అక్కరలేదు. ట్రాక్టరు, టైరు బండి వచ్చినాక ఆ పని పోయింది. తర్వాత తాత గుడులకు త్రిశూలాలు, ఇళ్ళకు అడకత్తెరలు, గొళ్ళేలు, కిటికీ కడ్డీలు చేస్తా బతికినాడు. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి ఎవరైనా అడిగితే గేటుకు ఆకులు, పూలు, తీగలు చేసిస్తాడు.

పోయిన నెల ఆయన కొలిమి కాడ ఒక పొద్దంతా కూచున్నాను. ఒక్క ఆకు చేయడానికి ఎన్నిసార్లు కాచినాడో లెక్క పెట్టినాను. తొమ్మిది సార్లు. 

“తాతా, ఒకేసారి బాగా కాచి కొట్టెయ్యకూడదా?” అని అడిగినాను.

“రాగి ముద్ద ఒకేసారి నోట్లో పెట్టుకుంటావా నువ్వు? తుంచుకొనే కదా తింటావు. ఇనుమూ అంతే. అది మెత్తగా ఉన్నంత సేపే నీ మాట వింటుంది. నల్లబడినాక కొట్టితే నీ చెయ్యి నొస్తుంది, దానికి పగులు వస్తుంది” అన్నాడు.

చదరపు కడ్డీ చివరను ముందు మొన తీసినాడు. మొనకు కాస్త వెనక దాగలి అంచు మీద పెట్టి నొక్కు కొట్టినాడు. అదే ఆకుకు కాడ. ఆ ముందున్న ముక్కను పలచగా, వెడల్పుగా సాగగొట్టినాడు. సుత్తి దెబ్బ వేసే తీరును బట్టి ఇనుము పొడుగన్నా సాగుతుందంట, వెడల్పన్నా సాగుతుందంట. రొట్టె తట్టే మన ఆడవాళ్ళకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. పలచబడే కొద్దీ అది తొందరగా చల్లారుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ కాచాలి. చివరికి మొద్దు ఉలితో ఈనెలు గీసి, కట్టె దిమ్మె మీద గుంటలో పెట్టి కొట్టి ఆకును కాస్త వంచినాడు. వేడిగా ఉండగానే నూనె గుడ్డతో తుడిచినాడు. నల్లగా నిగనిగలాడతా వచ్చింది. రావి ఆకు. దానికి తోక కూడా ఉంది.

నేను ఆ ఆకును చేతిలో పెట్టుకొని చూస్తా ఉంటే నాకు ఒక సంగతి తట్టింది. ఈ ఆకులో కొత్త విద్య ఏదీ లేదు. మొన తీయడం గని కడ్డీకి చేసిన పనే. పలచగా సాగగొట్టడం కొడవలికి చేసిన పనే. నొక్కు కొట్టడం గొళ్ళేనికి, తూటు పొడవడం గొడ్డలికి, మెలి తిప్పడం కిటికీ కడ్డీకి. పనిముట్టు చేసిన చెయ్యే పువ్వు చేస్తుంది. కళ అని వేరే ఒక గొప్ప ఇంట్లో పుట్టి మన పేటకు చుట్టపుచూపుగా రాలేదు. మన కూలి పనిలోంచే పుట్టింది. పని పోతే కళ కూడా పోతుంది. కానీ పని పోయినచోట కళను నిలబెట్టుకుంటే, దాన్ని పట్టుకొని పని మళ్ళీ రావచ్చు. ఈ రెండో మాట నిజమేనా అని ఎవరైనా అడిగితే దానికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది.

చార్ల్స్‌టన్ కమ్మరి కథ

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్ల్స్‌టన్ అని ఒక రేవు పట్నం. అక్కడ ఫిలిప్ సిమన్స్ అని నల్లజాతి కమ్మరి ఉండేవాడు. 1912లో పుట్టినాడు. పదమూడేళ్ళ వయసులో పీటర్ సిమన్స్ అనే ముసలి కమ్మరి దగ్గర పనికి చేరినాడు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరూ చుట్టాలు కారు. ఆ ముసలాయన బానిసగా పుట్టి, కొలిమి పనితో తలెత్తుకొని బతికినవాడు. ఫిలిప్ నేర్చుకున్నది పువ్వులు కాదు. గుర్రపు లాడాలు, బండి చక్రాలు, రేవులో పనివాళ్ళ పనిముట్లు. మన ఆచారి తాత నేర్చుకున్నవే అనుకోండి.

తర్వాత కార్లు వచ్చినాయి. గుర్రాలు పోయినాయి, బండ్లు పోయినాయి. కొలిమి మూసుకోవాల్సిన రోజు వచ్చింది. ఆయన మూయలేదు. ఆ పట్నంలో పాత ఇళ్ళకు చేత్తో చేసిన ఇనుప గేట్లు ఉండేవి. అవి తుప్పు పట్టి విరిగితే బాగుచేసేవాళ్ళు లేరు. ఆయన బాగుచేయడంతో మొదలుపెట్టి, కొత్తవి చేసినాడు. తీగలు, ఆకులు, పక్షులు, చేపలు. ఒక గేటు మీద చుట్టుకొని చూస్తున్న పాము. 1976లో వాషింగ్టన్‌లో జరిగిన జానపద ఉత్సవంలో జనం ముందు చేప, నక్షత్రం ఉన్న గేటు చేసినాడు. 1982లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకు దేశంలోకెల్లా పెద్ద గౌరవం మొదటిసారి ఇచ్చినప్పుడు, ఆ మొదటి వరసలోనే ఆయన ఉన్నాడు. 2009లో చనిపోయేనాటికి ఆ పట్నంలో ఆయన చేతి పని అయిదు వందలకు పైగా లెక్క తేలింది. ఇప్పుడు యాత్రికులు ఆ గేట్లు చూడటానికే ఆ వీధులు తిరుగుతారు. ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళు ఇంకా చేస్తున్నారు.

ఈ కథలో నాకు నచ్చింది బిరుదు కాదు. బండి పోయినా చెయ్యి మిగిలిందని ఆయన గుర్తించినాడు, ఊరి జనం కూడా గుర్తించినారు. మొదట పాత గేటు విసిరేయకుండా బాగుచేయమని తెచ్చిన ఆ ఇంటివాళ్ళు లేకపోతే ఆ కథ లేదు.

మనకేం తక్కువ

మనవాళ్ళకు ఇనుము కొత్త కాదు. ఢిల్లీలో ఉన్న ఇనుప స్తంభం ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు. పదహారు వందల ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలబడింది. అది పోత పోసింది కాదు. ఇనుప ముద్దలను కాచి, ఒకదానికొకటి సమ్మెటలతో కొట్టి అతికించి చేసింది. మన తెలుగు నేల మీద నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవాళ్ళు. కత్తులు చేయడానికి ఆ ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అని రాసుకున్న ఆ ఉక్కు పేరు మన ఉక్కు అనే మాటలోంచి పుట్టిందని పండితులు చెప్తారు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు మైసూరు సీమంతా తిరిగి, ఇక్కడ ఇనుము ఎట్లా కరిగిస్తారో, ఉక్కు ఎట్లా చేస్తారో వివరంగా రాసిపెట్టినాడు.

పల్లెల్లో కమ్మరి పన్నెండు మంది ఆయగాళ్ళలో ఒకడు. ఏడాదంతా రైతులకు కర్రులు సాగగొట్టి ఇస్తే, కోతల కాలంలో కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. డబ్బు లెక్క లేదు, కానీ బంధం ఉంది. ఇప్పుడు ఆ ఆయం లేదు, ఆ బంధమూ లేదు. అంగట్లో ఫ్యాక్టరీ కొడవలి దొరుకుతుంది. విరిగితే పారేసి ఇంకోటి కొంటాం.

మరి గేట్ల సంగతి? ఇప్పుడు మన లైన్లలో ఏ ఇల్లు చూసినా గేటుంది, గ్రిల్లుంది. ఇనుము పని ఏమీ తగ్గలేదు, పెరిగింది. మారికుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పోయే మన పిల్లకాయల్లో ఎందరో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డింగు పని చేస్తున్నారు. రాత్రి పొద్దుపోయి తిరిగొస్తారు. ఆ పనిని నేను తక్కువ చేయను. అది కూడా విద్యే, కళ్ళు కాల్చుకొని నేర్చుకున్న విద్య. కానీ అక్కడ పువ్వులు రెడీమేడుగా పెట్టెల్లో వస్తాయి, అచ్చులో పోసినవి, యంత్రం నొక్కినవి. పిల్లవాడి పని వాటిని అతికించడం. అచ్చు పువ్వులు వంద ఉంటే వందా ఒకటే. చేత్తో చేసినదాన్ని కోరేవాళ్ళు అదే బెంగుళూరులో ఉన్నారు, దానికి వేరే ధర ఇస్తారు. అయితే చేసే చెయ్యి మన ఊళ్ళో ఉందని వాళ్ళకు తెలియదు. మన పిల్లవాడికి కూడా తెలియదు. పక్క వీధిలో తాత ఉంటాడు, వాడు మాత్రం రోజూ ఇన్ని గంటలు రైల్లో నిలబడి పోతాడు.

కొట్టినదా, అతికించినదా

చేతి పని ఏదో అచ్చు పని ఏదో తెలియకపోతే మనం ధర ఇవ్వలేం, మోసపోతాం కూడా. తాత నాకు చెప్పిన గుర్తులు మీకూ చెప్తాను.

ఒకటి, సుడి చివర చూడండి. గేట్ల మీద నత్త గుల్ల మాదిరి చుట్టిన కడ్డీలుంటాయి కదా. చేత్తో చేసినదైతే చివరకు పోయే కొద్దీ కడ్డీ సన్నబడుతుంది, మొగ్గ తొడిగిన తీగ మాదిరి. యంత్రం వంచినదైతే మొదలెంత లావో కొన అంత లావు, చివర కోసేసినట్టు ఉంటుంది.

రెండు, తూటు చూడండి. ఒక కడ్డీలోంచి ఇంకో కడ్డీ దూరిపోయినచోట, కొలిమిలో తూటు పొడిచినదైతే రెండు పక్కలా ఇనుము ఉబ్బి ఉంటుంది, పాము మింగిన కప్ప కనపడినట్టు. ఇనుము తరిగిపోదు, పక్కకు జరుగుతుంది. అందుకే అక్కడ బలం తగ్గదు. డ్రిల్లు వేసినదైతే ఉబ్బు ఉండదు, అంత మేర ఇనుము పోయినట్టే.

మూడు, అతుకు చూడండి. చేతి పనిలో రెండు కడ్డీలను కలపడానికి వేడి పట్టీని చుట్టి బిగిస్తారు. చల్లారితే అది బండి పట్టా మాదిరే కరిచి పట్టుకుంటుంది. లేదంటే రివెట్టు కొడతారు. వెల్డింగు చేసినచోట కరిగి గడ్డకట్టిన గీత ఉంటుంది, రంగు వేసినా వేలితో తడిమితే తెలుస్తుంది.

నాలుగు, జతలు చూడండి. రెండు ఆకులు అచ్చంగా ఒకటే ఉంటే అది అచ్చు పనే. కవల పిల్లల్లో కూడా తల్లికి తేడా తెలుస్తుంది కదా.

పాత బంగళాల కాడ, గుడుల కాడ, మీ అమ్మమ్మ ఇంటి కిటికీ కాడ ఒకసారి ఈ గుర్తులతో చూడండి. గుజరీ అంగడికి వేసేముందు మాత్రం తప్పకుండా చూడండి.

దాగలిని తూకానికి అమ్మొద్దు

నాకు బాధ కలిగించిన ఒక సంగతి ఇక్కడే చెప్తాను. ఈ రెండేళ్ళలో మా చుట్టుపక్కల రెండు కొలుములు మూసుకున్నాయి. ఒకచోట పెద్దాయన పోయినాడు, ఇంకోచోట కళ్ళు మందగించినాయి. రెండుచోట్లా ఇంట్లోవాళ్ళు దాగలిని, సమ్మెటలను, పట్టకార్లను గుజరీకి కిలోల లెక్కన అమ్మేసినారు. వాళ్ళ తప్పని నేను అనను. ఆస్పత్రి ఖర్చుకో, స్కూలు ఫీజుకో డబ్బు కావాలి. కానీ మంచి ఉక్కు దాగలి అంటే మూడు తరాలు దెబ్బలు తిని మొహం నునుపుదేరిన వస్తువు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి అదే మొదటి పెట్టుబడి. పట్టకార్లు ఒక్కొక్కటి ఒక్కో కడ్డీ కోసం ఆ కమ్మరే చేసుకున్నవి, అంగట్లో దొరకవు. తూకానికి పోతే అవి మళ్ళీ కరిగి ఏ సలాకో అవుతాయి. మీ ఇంట్లో అట్లాంటివి ఉంటే అమ్మేముందు పదిమందిని అడగండి. నేర్చుకోవాలనే పిల్లవాడు ఒకడైనా దొరికితే గుజరీ ధరకే వాడికివ్వండి. మీ డబ్బు మీకు వస్తుంది, పని కూడా నిలుస్తుంది.

నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఒక దారి ఉంది. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో పద్దెనిమిది చేతివృత్తులున్నాయి, కమ్మరి పని ఒకటి, సుత్తి పనిముట్లు చేసే పని ఇంకొకటి. పద్దెనిమిదేళ్ళు నిండి ఆ పని చేసుకుంటున్నవాళ్ళు కామన్ సర్వీస్ సెంటరులో పేరు రాయించుకునే ఏర్పాటు పెట్టినారు. కుటుంబానికి ఒక్కరికే. శిక్షణ రోజుల్లో దినానికి 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు, తాకట్టు లేకుండా మొదట లక్ష, అది కట్టినాక రెండు లక్షల దాకా అయిదు శాతం వడ్డీకి అప్పు. అప్పు అప్పే, తొందరపడి తీసుకోవద్దు. కానీ శిక్షణ, పనిముట్ల సాయం వదులుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం ఉంటే రాదు, అది ముందే చూసుకోండి. వారం శిక్షణతో ఎవరూ కమ్మరి కారు. దాని తర్వాత తాత లాంటివాళ్ళ కాడ కూచోవాల్సిందే.

కూచునేవాళ్ళకు రెండు జాగర్తలు. జింకు పూసిన పైపును, రేకును ఎప్పుడూ కొలిమిలో పెట్టొద్దు. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, ఎక్కువైతే ప్రమాదం. నూలు బట్టలే కట్టుకోండి, నైలాన్ గుడ్డ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళ దగ్గు విని పెరిగిన ఊరు మనది. ఇంకో పొగతో ఇంకో తరం దగ్గకూడదు. కొలిమికి పొగగొట్టం, తలుపులు తెరిచిన షెడ్డు ఉండాలి.

చేయించుకునేవాళ్ళకు కూడా ఒక మాట. గేటంతా చేతి పని చేయించే స్తోమత మనలో ఎవరికుంది? అక్కరలేదు. గేటు మామూలు వెల్డింగుదే చేయించండి. దాని మధ్యలో ఒక్క పువ్వు, పైన రెండు ఆకులు, కింద ఒక గొళ్ళెం కొలిమి కాడ చేయించండి. కూతురి పెళ్ళికి ఇచ్చే సామాన్లలో ఒక ఇనుప దీపపు కొక్కెం చేర్చండి. గుడికి త్రిశూలం మొక్కుకున్నవాళ్ళు అంగట్లో రేకుది కొనకుండా ఆచారి చేత కొట్టించండి. బేరం ఆడేముందు ఆ ఒక్క ఆకుకు తొమ్మిదిసార్లు కాచినాడని గుర్తు తెచ్చుకోండి. బొగ్గు ధర, ఆయన చేతి నొప్పి అందులోనే ఉన్నాయి. వెల్డింగు చేసే పిల్లవాడు ఆ పువ్వును అతికిస్తూ, ఇదెట్లా చేసినారు తాతా అని అడిగితే చాలు, ఆ ప్రశ్నతోనే పని ఒక చేతిలోంచి ఇంకో చేతికి పోతుంది.

కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అని మన సామెత. అంటే ఆ వీధిలో ఇనుము పనికి కొదవ లేదని. ఆ సామెత చెప్పుకోవడానికైనా మనకు కమ్మరి వీధి ఒకటి ఉండాలి కదా.

మీ పేటలో, మీ పల్లెలో ఇంకా మండుతున్న కొలిమి ఉంటే, ఏ వీధిలో ఉందో, ఏమేం చేస్తారో, నేర్పడానికి ఒప్పుకుంటారో లేదో కనుక్కొని పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. వాళ్ళు సరేనంటేనే రాయండి. ముళబాగిలు, బంగారుపేట, శ్రీనివాసపురం, మాలూరు వైపు ఉన్నవాళ్ళు మరీ రాయండి. వచ్చినవన్నీ ఒక పట్టీ చేసి ఇదే పేజీలో వేస్తాం. పని కావాల్సినవాళ్ళు, పని నేర్చుకోవాల్సినవాళ్ళు దాన్ని చూసుకొని పోవచ్చు. వచ్చే నెల బుట్టలల్లేవాళ్ళ ముచ్చట.